నాగ్‌పూర్ స్కూటీ లైసెన్సుతో హైదరాబాద్‌లో కారు నడపవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పెళ్లయ్యాక చాలా ఏళ్లు నాగ్‌పూర్‌లో ఉన్నాం. మావారికి బదిలీ కావడంతో హైదరాబాద్ వచ్చి దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఇల్లు తీసుకున్నాం. వచ్చి ఏడాది కావొస్తోంది. నాకు 2014లో నాగ్‌పూర్‌లో తీసుకున్న లైసెన్సు ఉంది కానీ అది గేర్లు లేని స్కూటీకి మాత్రమే. ఇక్కడ పిల్లల స్కూలు, ట్యూషన్లు, అత్తయ్యగారి ఆసుపత్రి పనులు అన్నీ నేనే చూసుకోవాలి. ఇంట్లో కారు పెట్టుకుని ఆటో కోసం రోడ్డు మీద నిలబడుతున్నాను. కారు నేర్చుకుందామంటే తెలిసిన ఏజెంటు ఒకాయన "పాత లైసెన్సు సంగతి ఎక్కడా చెప్పకండి మేడమ్, ఇక్కడ ఫ్రెష్‌గా తీసేద్దాం, టెస్టు నేను చూసుకుంటా" అంటున్నాడు. మావారికి సెలవు దొరకదు, అందుకని ఆయన కూడా అలాగే కానిచ్చేద్దాం అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. పక్కింటావిడ నాగోల్ డ్రైవింగ్ టెస్టు ట్రాక్ మీద రెండుసార్లు ఫెయిలయిందని విన్నాక టెన్షన్ ఇంకా పెరిగింది. ఇక్కడి ట్రాఫిక్ చూస్తేనే కాళ్లు వణుకుతున్నాయి. మా కారుకు ఇంకా మహారాష్ట్ర నంబరే ఉంది. దాని సంగతి కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీకు మనసొప్పకపోవడం న్యాయమే. ఆ ఏజెంటు మాటల్లో రెండు ప్రమాదాలున్నాయి. రెండూ చివరికి మీ మెడకే చుట్టుకుంటాయి, ఆయన మెడకు కాదు.

మొదటిది పాత లైసెన్సు దాచిపెట్టడం. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు ఒకటి చేతిలో ఉండగా ఎవరూ ఇంకొకటి తీసుకోకూడదు. దరఖాస్తులో అబద్ధం రాసి సంతకం పెట్టేది మీరు. మోసంతోనో తప్పుడు సమాచారంతోనో తీసుకున్న లైసెన్సును రద్దు చేసే అధికారం అదే చట్టం రవాణా శాఖకు ఇచ్చింది. పైగా తెలంగాణ చాలా ఏళ్లు తన సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచి, ఇప్పుడు మిగతా రాష్ట్రాలు లైసెన్సుల కోసం వాడే సారథి అనే ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థలోకి మారుతోంది. ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఆధార్‌తో రెండు రాష్ట్రాల్లో రెండు లైసెన్సులుంటే ఎప్పటికైనా బయటపడుతుంది. అది రెన్యువల్ రోజునో, అంతకంటే ఘోరంగా ఏదైనా యాక్సిడెంట్ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు కాగితాలు తిరగేసిన రోజునో కావచ్చు.

ఆ ఏజెంటు చెప్పని సంగతి ఇంకొకటుంది. లైసెన్సు ఉన్నవాళ్లు ఇంకో రకం బండి కోసం ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్స్ లైసెన్సుకు వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చుని రాసే ఆ ప్రాథమిక పరీక్ష నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మినహాయింపు ఇస్తున్నాయి. పాత లైసెన్సు దాచిపెడితే మీకున్న ఆ హక్కును కూడా మీరే వదులుకున్నట్టు. అసలు లైసెన్సే లేని కొత్తవాళ్లు మాత్రం ఆ పరీక్ష రాయాలి. 20 ప్రశ్నల్లో 12 సరిగ్గా పెడితే పాస్, తెలుగులోనే రాసుకోవచ్చు. మినహాయింపు ఉంది కదా అని మీరు ఆ ప్రశ్నలు చదవడం మానేయకండి. కాపలా లేని రైల్వే గేటు దగ్గర ఏం చేయాలి, యాక్సిడెంట్ అయితే డ్రైవర్ బాధ్యత ఏమిటి, బండిలో ఏ కాగితాలుండాలి, అన్నీ అందులో ఉంటాయి. స్కూటీ మీద తిరిగినన్నాళ్లు వీటిలో చాలావాటితో పని పడి ఉండదు.

ఇక రెండోది, "టెస్టు నేను చూసుకుంటా" అన్న మాట. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లోవాళ్లు మీకు డ్రైవింగ్ వచ్చేసిందని అంటారు, లేదా ఈ జన్మకు రాదని అంటారు. మొదటిది ప్రేమ, రెండోది విసుగు. మీతో ఏ చుట్టరికమూ లేని ఒక అధికారి పక్కన నిలబడి, మీ కళ్లు అద్దాల మీద ఉన్నాయా, కాలు బ్రేక్ మీదికి వేళకు వెళ్తోందా అని చూసి ఉన్నదున్నట్టు చెప్పేది ఆ ఒక్క రోజే. డబ్బులిచ్చి ఆ రోజును తప్పించుకుంటే, మీకు నిజంగా వచ్చో రాదో తేలేది నడిరోడ్డు మీద, వెనక సీట్లో మీ పిల్లలు ఉండగా. సెలవు ఖర్చవుతుందని మీవారు అనుకుంటున్నారు. ఆయన సెలవు పెట్టాల్సిన అవసరమే లేదు. డ్రైవింగ్ స్కూల్ వాళ్లతో మీరే వెళ్లి రావచ్చు.

ఇప్పుడు మీ లైసెన్సు సంగతి. అది దేశమంతటా చెల్లుతుంది. మహారాష్ట్ర కార్డుతో హైదరాబాద్‌లో మీ స్కూటీ నిశ్చింతగా నడుపుకోండి, రాష్ట్రం మారినందుకు మళ్లీ టెస్టు పెట్టరు. కార్డు మీద గడువు తేదీ మాత్రం చూసుకోండి. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టుకు వెళ్లాల్సిందే. అయితే ఆ లైసెన్సు మీద మీరు గేర్ల బైక్ నడపకూడదు, కారు అసలే నడపకూడదు. పోలీసులు ఆపితే లైసెన్సు ఉందిగా అని చూపించినా ప్రయోజనం లేదు, ఆ రకం బండికి లేనట్టే లెక్క. లైసెన్సు లేకుండా నడిపితే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది.

కాబట్టి మీరు చేయాల్సింది కొత్త లైసెన్సు తీసుకోవడం కాదు. ఉన్నదానికి ఇక్కడి అడ్రస్ మార్పించుకుని, అందులో కారును చేర్పించుకోవడం. ముందుగా ఆన్‌లైన్‌లో మీ నాగ్‌పూర్ లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొట్టి వివరాలు వస్తున్నాయో లేదో చూడండి. పాత కార్డులు కొన్నిటి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కి ఉండవు. అలాంటప్పుడు ఇచ్చిన ఆఫీసువాళ్లే ఎక్కించాలి, అంటే నాగ్‌పూర్‌లో తెలిసినవాళ్లతో పని పడుతుంది. ఈ ఒక్కటి ముందే తేల్చుకుంటే తర్వాత కౌంటర్ దగ్గర నుంచి వెనక్కి తిరిగి రావాల్సిన బాధ తప్పుతుంది. కేంద్రం పెట్టిన ఫీజులు చూస్తే అడ్రస్ మార్పుకు 200, ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, డ్రైవింగ్ టెస్టుకు 300, కొత్త రకం బండి చేర్చడానికి 500 రూపాయలు. వీటి మీద రాష్ట్రం సర్వీస్ చార్జీలు ఉంటాయి. ఏజెంటు ఎంత అడిగాడో మీరు రాయలేదు, దీంతో పోల్చి చూసుకోండి.

కాగితాల్లో ఆధార్, పాత లైసెన్సు ఒరిజినల్, వయసుకు టెన్త్ మెమో ఉంచుకోండి. ఆధార్‌లో ఇంకా నాగ్‌పూర్ అడ్రసే ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి. స్లాట్ ఏ ఆఫీసులో దొరికిందో, టెస్టు ఏ ట్రాక్ మీదో స్లిప్పులో ఉంటుంది. పక్కింటావిడ నాగోల్ వెళ్లారని మీరూ నేరుగా నాగోల్ వెళ్లి నిలబడకండి.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక 30 రోజులు నిండితేగానీ టెస్టుకు రానివ్వరు. అది 6 నెలలు చెల్లుతుంది. చాలామంది ఈ నెల రోజులను ఊరికే గడిచిపోవాల్సిన కాలంలా చూస్తారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో విలువైనది ఇదే. ఈ నెలలో కారు ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ బోర్డు ఉండాలి. పక్క సీట్లో కారు లైసెన్సు ఉన్న మనిషి, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. ఇది మొహమాటానికి పెట్టిన రూలు కాదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు నడిపినా కారు ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, కాకపోతే సరిగ్గా ఈ షరతులు పాటిస్తేనే. పాలప్యాకెట్ కోసం సందు చివరిదాకే కదా అని ఒక్కరే తీసుకెళ్లారో, ఆ రోజు ఏం జరిగినా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, మొదట డ్రైవింగ్ స్కూల్లోనే. వాళ్ల కార్లో పక్క సీటు దగ్గర కూడా బ్రేక్, క్లచ్ ఉంటాయి. మీ ఇంటి కార్లో ఉండవు. నిబంధనల ప్రకారం స్కూల్ శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగ్ మీ చేతిలో ఉండే సమయం 10 గంటలకు తగ్గకూడదు. డబ్బులు కట్టే ముందే ఈ 10 గంటల మాట అడగండి. రోజుకు ఇరవై నిమిషాలు తిప్పి, ఆ ఇరవైలో పది నిమిషాలు ఇంకో విద్యార్థిని ఇంటి దగ్గర దింపడానికి పోతే లెక్క ఎక్కడికి తేలుతుందో మీకే అర్థమవుతుంది. స్కూల్ సర్టిఫికెట్ ఉంటే ఆర్టీఏ టెస్టు అక్కర్లేదని 2024లో ఒక ప్రచారం బాగా తిరిగింది. ప్రత్యేక గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకే ఆ వెసులుబాటు. మామూలు స్కూల్ సర్టిఫికెట్‌తో టెస్టు తప్పదు.

రెండో వారం దాటాక మీవారితో కూడా ప్రాక్టీస్ చేయండి. అయ్యా, మీరు ఇది చదువుతుంటే ఒక్క మాట. పక్కన కూర్చుని అరవకండి. "బ్రేక్, బ్రేక్" అని కేకేస్తే కంగారులో కాలు ఏ పెడల్ మీదికి వెళ్తుందో చెప్పలేం. ఏం చేయాలో పది అడుగుల ముందే మామూలు గొంతుతో చెప్పండి. తప్పు జరిగితే బండి పక్కకు ఆపించి అప్పుడు మాట్లాడండి. పిల్లల్ని మాత్రం ఈ నెలంతా ఇంట్లోనే ఉంచండి.

పక్కింటావిడ ఎందుకు ఫెయిలయ్యారో నాకు తెలియదు కానీ, ట్రాక్ మీద ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి హెచ్ ఆకారంలో ఉండే దారిలో బండిని వెనక్కి తిప్పి, అంచు తగలకుండా బయటకు రావడం. ఎనిమిది అంకె దారిలో ముందుకే వెళ్తాం కాబట్టి దాన్ని చాలామంది దాటేస్తారు. రివర్స్ దగ్గరకు వచ్చేసరికి స్టీరింగ్ ఎటు తిప్పితే బండి ఎటు వెళ్తుందో తికమకపడతారు. వెనక్కి వెళ్లేటప్పుడు బండి వెనక భాగం ఎటు వెళ్లాలో స్టీరింగ్ అటే తిప్పాలి. ఇదొక్కటి చేతికి అలవాటైతే సగం భయం పోతుంది. ఆదివారం పొద్దున్నే కాలనీలో ఖాళీ స్థలం చూసుకుని, ఇసుక నింపిన నీళ్ల సీసాలు నాలుగైదు నిలబెట్టి వాటి మధ్య వెనక్కి తిప్పండి. సీసా పడిపోతే దిగి వెళ్లి చూడండి, ఏ చక్రం ఎక్కడ నుంచి వచ్చి తగిలిందో నేల మీద గుర్తు కనిపిస్తుంది. అద్దంలో చూసి నేర్చుకునేదానికంటే ఆ గుర్తు చూసి ఎక్కువ నేర్చుకుంటారు. వేగం అసలు వద్దు, క్లచ్ మీదే బండి పాకాలి.

రెండోది ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం. ఇది నేర్చుకోవడానికి తొందరపడకండి. హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేర్‌లో పెట్టి, యాక్సిలరేటర్ కొంచెం ఇస్తూ క్లచ్‌ని నెమ్మదిగా వదలండి. ఒకచోటికి వచ్చేసరికి ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ రవ్వంత పైకి లేచినట్టు కనిపిస్తుంది. మీ పాదాన్ని సరిగ్గా అక్కడే నిలపండి. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ దించితే బండి వెనక్కి పోదు, ముందుకే వెళ్తుంది. దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. చదును నేల మీద కళ్లు మూసుకున్నా ఆ చోటు పాదానికి దొరికేదాకా చేసి, అప్పుడు ఎత్తు మీదికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఇది టెస్టు కోసమే పనికొచ్చే విద్య కాదు. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగి, వెనక బైక్ మీ బంపర్‌కు ఆనుకుని నిలబడ్డప్పుడు మిమ్మల్ని కాపాడేది ఇదే. అందుకే ఆటోమేటిక్ కారులో నేర్చుకుంటే సుఖం కదా అని మీరు అడిగితే, మీ ఇంట్లో ఉన్నది గేర్ల కారైతే వద్దంటాను.

టెస్టు రోజున ఏ కారుతో వెళ్తారో ఆ కారులోనే చివరి కొన్ని రోజులు ప్రాక్టీస్ చేయండి. ఒక్కో బండి క్లచ్ ఒక్కో రకంగా ఉంటుంది. మీ మహారాష్ట్ర నంబరు కారును ఇప్పుడున్న పరిస్థితిలో ట్రాక్ మీదికి తీసుకెళ్లి లేనిపోని ప్రశ్నలు కొనితెచ్చుకోవద్దు, స్కూల్ కారే నయం. దాని ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నాయో లేదో ముందురోజే అడగండి. చెప్పులు పాదానికి పట్టుకునేవి వేసుకోండి, చున్నీ హ్యాండ్ బ్రేక్‌లో చిక్కుకోకుండా ముడేసుకోండి. కూర్చోగానే సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, బెల్టు పెట్టుకోండి. టెస్టు పెట్టే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తొందరపెడుతున్నట్టు అనిపించినా ఈ మూడూ అయ్యాకే కీ తిప్పండి. మలుపు దగ్గర ఇండికేటర్ మరిచిపోకండి.

ఫెయిలయితే? 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి. మీ పక్కింటావిడకు రెండుసార్లే అయింది కాబట్టి ఆవిడకు ఇంకా దారి ఉందని చెప్పండి, వీలైతే ఇద్దరూ కలిసి ప్రాక్టీస్ చేయండి. ఫెయిలవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎక్కడ పోయిందో ఎంవీఐని మర్యాదగా అడిగి తెలుసుకుని రండి, చాలామంది ఆ ఒక్క ప్రశ్న అడగకుండానే వెనుదిరుగుతారు.

ట్రాఫిక్ భయం గురించి. కాళ్లు వణుకుతున్నాయంటే రోడ్డును మీరు సరిగ్గానే అంచనా వేశారని అర్థం. లైసెన్సు వచ్చిన మొదటి నెల ఒకే దారి పెట్టుకోండి. ఇల్లు, స్కూలు, సరూర్‌నగర్ రైతుబజారు, మళ్లీ ఇల్లు. రద్దీ లేని వేళల్లో వెళ్లండి. మీ వైపు దారిలో నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్‌ల దగ్గర. పిల్లర్ చాటున బైక్ వస్తున్నా కనబడదు. బండి ముక్కు కొంచెం బయటపెట్టి, ఆగి, ఎడమ పక్క నుంచి ఎవరూ రావడం లేదని చూసుకున్నాకే తిప్పండి. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టుకోనివ్వండి. డివైడర్ పక్కనే రాంగ్ రూట్‌లో బైకులు ఎదురొస్తుంటాయి, కాబట్టి కుడి వైపు కూడా ఓ కన్నేయండి. ఆర్టీసీ బస్సు ఆగిందంటే దాని ముందు నుంచి ఎవరో ఒకరు పరుగెత్తుకు వస్తారనే అనుకుని నెమ్మదించండి. గట్టి వాన పడితే నీళ్లు నిలిచిన చోట ముందు బండి వెళ్లింది కదా అని దిగకండి. చేయి తిరిగేదాకా విజయవాడ హైవే, ఔటర్ రింగ్ రోడ్డు జోలికి పోకండి.

లైసెన్సు కార్డు చేతికొచ్చాక డిజీలాకర్‌లో కూడా పెట్టుకోండి. ఫోన్‌లో అలా చూపించినా చెల్లుతుంది.

చివరిగా మీ కారు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే తెలంగాణలో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి కొత్త నంబరు తీసుకోవాలి. మీరు వచ్చి ఏడాది కావొస్తోందన్నారు, కాబట్టి ఇది లైసెన్సు కంటే ముందు కదలాల్సిన పని. నాగ్‌పూర్ ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తెప్పించుకోవాలి. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు అంగీకారం కూడా కావాలి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి బ్యాంకుకు ఈ వారమే రాయమనండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, బండి ధర, వయసు చూసి లెక్కగడతారు. మహారాష్ట్రలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోసం అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకు పాత పన్ను రసీదు, ఇక్కడి కొత్త ఆర్‌సీ నకలు అవసరమవుతాయి, ఆ రసీదు ఏ ఫైల్లో ఉందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. కొత్త నంబరు రాగానే ఇన్సూరెన్స్ పాలసీలో కూడా దాన్ని మార్పించండి.